యోహింబిన్ బిళ్ల, బ్యారేజీ మీద నడక: నవంబరు నుంచి మార్చి దాకా నా లెక్కలు

నవంబరు మొదట్లో నా బరువు 84.6 కిలోలు, బొడ్డు దగ్గర నడుము 38న్నర అంగుళాలు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఇప్పుడు మార్చి ఆఖరికి 79 కిలోలు, నడుము 36. ఈ మధ్యలో కొన్నాళ్లు యోహింబిన్ వాడాను. దాని గురించి తెలుగులో వెతికితే "వారంలో పొట్ట మాయం" అనే ప్రకటనలైనా కనిపిస్తాయి, "విషం, ముట్టుకోకండి" అనే హెచ్చరికలైనా కనిపిస్తాయి. ఒక మామూలు మనిషి బీపీ మిషన్ పక్కన పెట్టుకుని ఎంత వేసుకున్నాడు, ఏమైంది అని రాసింది మాత్రం నాకు దొరకలేదు. అందుకని నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

ముందు అసలు ఇదేంటో చెప్తాను. ఆఫ్రికాలో కామెరూన్, గాబన్, నైజీరియా వైపు పెరిగే యోహింబే అనే చెట్టు బెరడులో ఉంటుంది ఇది. ఆ చెట్టు కాఫీ మొక్క కుటుంబానికి చెందినదే. అమెరికాలో మగవాళ్ల అంగస్తంభన సమస్యకి డాక్టర్లు రాసిచ్చే మందుగా చాలాకాలం నడిచింది, అందుకే మందుల షాపులో పేరు చెబితే అబ్బాయి అదోలా చూస్తాడు, మొహమాటపడాల్సిన పనేం లేదు. కొవ్వు తగ్గించే మందు అని పేరు ఎందుకొచ్చిందంటే, మన కొవ్వు కణాల మీద బండికి ఉన్నట్టే యాక్సిలరేటరూ బ్రేకూ రెండూ ఉంటాయి. ఒంట్లో నోరాడ్రినలిన్ (ఒంటిని అప్రమత్తం చేసే హార్మోను) పెరిగినప్పుడు, ఆ సంకేతాన్ని అందుకునే బీటా గ్రాహకాలు కొవ్వుని బయటికి వదలమంటాయి, ఆల్ఫా-2 గ్రాహకాలు వద్దని పట్టి ఉంచుతాయి. మొండిగా కూర్చునే పొట్ట కింది భాగంలో, తొడల్లో ఈ ఆల్ఫా-2లు ఎక్కువ. యోహింబిన్ ఆ ఆల్ఫా-2లని మూసేస్తుంది. ఏమన్నా తిని ఇన్సులిన్ పెరిగితే కొవ్వు వదలడమే తగ్గిపోతుంది, కాబట్టి దీన్ని పరగడుపునే వేసుకోవాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే జిమ్ముల్లో దీన్ని ఎవరూ చెప్పరు. కొవ్వు కణంలోంచి బయటికి రావడం వేరు, కరిగిపోవడం వేరు. రక్తంలోకి వచ్చిన కొవ్వుని ఆ రోజు ఒళ్లు ఖర్చు పెట్టుకోకపోతే అది మళ్లీ వెళ్లి కణంలోనే కూర్చుంటుంది. పొద్దున బిళ్ల వేసుకుని నడిచొచ్చి, మధ్యాహ్నం రెండు పళ్లేల అన్నం, సాయంత్రం బండి దగ్గర పునుగులు లాగిస్తే లెక్క సున్నాకి సున్నా.

అందుకే నవంబరంతా బిళ్ల జోలికి పోలేదు. వంటింట్లోకి ఒక చిన్న తూకం మిషన్ కొన్నాను, బియ్యం ఉడికించక ముందే పూటకి 70 గ్రాములు తూచి నా వాటా విడిగా వండుకున్నాం. పొద్దున నడిచొచ్చాక రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం అన్నం, పప్పో ఆకుకూరో, రెండు గుడ్లు. రాత్రి చికెన్ గానీ పనీర్ గానీ, ఒక పుల్కా, పల్చటి మజ్జిగ. నూనె కూడా చెంచాలతో కొలిచి పోస్తుంటే మా అమ్మకి మొదట్లో చాలా కష్టంగా అనిపించింది, "కూరకి ఆ మాత్రం నూనె లేకపోతే ఎట్లా నాయనా" అని. తర్వాత అలవాటైంది. రోజుకి 400 కేలరీలు తగ్గించాలని నా అంచనా. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు, కాబట్టి నెలకి కిలోన్నర తగ్గాలి. నెలాఖరుకి తూకం 83.0 చూపించింది, లెక్క సరిపోయింది. బిళ్ల వేసుకున్నాక ఏం మారిందో తెలియాలంటే అది లేకుండా ఒక నెల చేతిలో ఉండాలి, మొదలుపెట్టేవాళ్లు ఇది మాత్రం వదలొద్దు.

డిసెంబరులో బెజవాడ సూర్యారావుపేటలో మాకు తెలిసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. బీపీ చూశారు, ఈసీజీ తీయించారు, థైరాయిడ్ పరీక్ష రాశారు. బీపీ మందులు గానీ డిప్రెషన్ మందులు గానీ వాడుతున్నారా, ఎప్పుడైనా ఊరికే గుండె దడ, ఆందోళన వచ్చాయా అని రెండుసార్లు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. మెదడులో కూడా నోరాడ్రినలిన్‌ని పెంచుతుంది కాబట్టి పానిక్ ఎటాక్స్ ఉన్నవాళ్లకి ఇది అదే ఎటాక్ తెప్పిస్తుంది, పరిశోధనల్లో కావాలని ఆందోళన పుట్టించడానికి వాడిన మందే ఇది. క్లోనిడిన్ లాంటి బీపీ మందుకి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. టెన్షన్ మనస్తత్వం ఉన్నవాళ్లు, బీపీ, గుండె, కిడ్నీ, లివర్ సమస్యలున్నవాళ్లు, గర్భిణులు దీని వైపు చూడనే కూడదు. డాక్టరు గారు చివరికి అన్నది ఇది: "మీకు దీంతో అవసరం లేదండీ. వాడతానంటే బాగా తక్కువతో మొదలుపెట్టి రోజూ బీపీ రాసుకోండి, పైది 140 దాటితే ఆ రోజే ఆపేయండి."

సరుకు విషయం ఇంకా ముఖ్యం. "యోహింబే బెరడు సారం" అని రాసి ఉన్నవి కొనొద్దు, వాటిలో అసలు పదార్థం ఎంతుందో ఎవరికీ తెలీదు. అమెరికాలో 49 రకాలు తెచ్చి పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు, ఒక్కో మోతాదులో ఏమీ లేని దగ్గర్నుంచి 12.1 మిల్లీగ్రాముల దాకా ఉంది. యూరోపియన్ యూనియన్ అయితే 2019లో ఈ బెరడుని ఆహార పదార్థాల్లో నిషేధించింది. నేను తీసుకున్నది యోహింబిన్ హైడ్రోక్లోరైడ్, బిళ్లకి 5 మిల్లీగ్రాములు, బ్యాచ్ పరీక్ష రిపోర్టు ఉన్నది.

కిలో బరువుకి 0.2 మిల్లీగ్రాములు అని అందరూ చెప్పే లెక్క ఒకటుంది, దాని ప్రకారం నాకు 16 పైన పడుతుంది. 2006లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో రోజుకి 20 మిల్లీగ్రాములు రెండు భాగాలుగా 21 రోజులు ఇచ్చారు, కొవ్వు శాతం తగ్గింది, నిజమే. కానీ వాళ్లు రోజూ కఠినంగా ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు. పైగా ఇది నోటి ద్వారా వేసుకుంటే కొందరిలో రక్తంలోకి 7 శాతమే చేరుతుంది, కొందరిలో 87 శాతం చేరుతుంది. ఒకే బిళ్ల ఒకడికి ఏమీ చేయదు, పక్కవాడిని ఆసుపత్రికి పంపిస్తుంది. అలాంటప్పుడు ఎవరిదో మోతాదు చూసి మనం ఎలా వేసుకుంటాం? నేను సగం బిళ్ల, అంటే 2.5తో మొదలుపెట్టాను, 5 ఎప్పుడూ దాటలేదు.

తెల్లవారుజామున లేవగానే ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని బీపీ చూసుకోవడం, బిళ్లని గీత మీద బ్లేడుతో కోసి నీళ్లతో మింగడం, బండి మీద ప్రకాశం బ్యారేజీకి వెళ్లి నడక మొదలుపెట్టడం. బ్యారేజీ ఒక వైపు 1.2 కిలోమీటర్లు ఉంటుంది, సీతానగరం చివరిదాకా పోయి వెనక్కి రావడం రెండుసార్లు చేస్తే దాదాపు 5 కిలోమీటర్లు. సగం బిళ్లకి పెద్దగా ఏమీ తెలీలేదు. పూర్తి బిళ్లకి మారిన మొదటి రోజు మాత్రం, గేట్లు సగం దాటేసరికి మోచేతుల దగ్గర్నుంచి మణికట్టు దాకా రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ఆ చలిలోనే అరచేతులు తడిసిపోయాయి, చెవుల వెనక సన్నగా వేడి. భయం లాంటిది లేదు కానీ ఒళ్లు దేనికో సిద్ధమవుతున్నట్టు ఉంది. ఇంటికొచ్చి కూర్చుని చూసుకుంటే బీపీ 132/84, నాడి 84. మామూలుగా నాది 118/76, నాడి 68. తొమ్మిదికల్లా దిగిపోయింది. ఆ తర్వాత వాడిన రోజులన్నిటిలోనూ ఇంచుమించు ఇదే, ఎప్పుడూ 136 దాటలేదు. వారానికి ఐదు రోజులే, శని ఆదివారాలు లేదు. వేసుకున్న రోజు కాఫీ పదకొండు తర్వాతే, ఈ రెండూ కలిపితే దడ రెట్టింపవుతుంది.

మా జిమ్ములో ఒక తమ్ముడు దీన్నే ఇంకో రూపంలో వాడాడు. కెఫీన్, నారింజ జాతి కాయ నుంచి తీసే సినెఫ్రిన్, యోహింబే అన్నీ కలిపిన ఒక ఫ్యాట్ బర్నర్ డబ్బా. దేనిది ఎంతో విడిగా రాయరు, మొత్తం మిశ్రమం ఇంత అని ఒకే అంకె వేస్తారు. సాయంత్రం స్క్వాట్స్ మధ్యలో "అన్నా, గుండె గొంతులోకొచ్చినట్టుంది" అని నేల మీద కూర్చుండిపోయాడు. మొహమంతా పాలిపోయింది. ఈసీజీ మామూలుగానే వచ్చింది, రెండు మూడు గంటల్లో సర్దుకుంది, కానీ వాళ్లావిడ ఆ రాత్రంతా నిద్రపోలేదు. అంకెలు విడివిడిగా రాయని డబ్బాని నేను ఇంట్లోకి రానివ్వను, ఎవరినీ కొననివ్వను కూడా.

డిసెంబరు ఆఖరికి 81.4. అంటే తగ్గింది 1.6, నవంబరుతో సమానమే. జనవరిలో సంక్రాంతికి ఊరెళ్లాం, బిళ్ల లేదు, అరిసెలు ఉన్నాయి, నెల మొత్తం మీద తగ్గింది ముప్పావు కిలో. ఫిబ్రవరిలో మళ్లీ బిళ్ల, అన్నం తూకం, మళ్లీ నెలకి ఒకటిన్నర దగ్గరే. ఈ అంకెలు ఎన్నిసార్లు చూసుకున్నా నాకు అర్థమయ్యేది ఒక్కటే, నా ఒంట్లో 5 మిల్లీగ్రాములు తగ్గే వేగాన్ని పెంచలేదు. పని చేసింది ఆకలి దగ్గర. వేసుకున్న రోజు పది దాకా ఆకలి గుర్తుకే రాదు, రెండు పెసరట్లతో హాయిగా సరిపోతుంది. వేసుకోని రోజు మూడోది కావాలనిపిస్తుంది. ఆ మూడో పెసరట్టు ఆపుకోవడానికే ఇంత ఖర్చు, రోజూ బీపీ చూసుకునే ఈ గొడవ అవసరమా అంటే, నాలాగా పొద్దున్నే ఆకలికి తట్టుకోలేనివాడికి కొంత ఉంది, మిగతావాళ్లకి లేదనే అంటాను.

కొందరు ఆల్ఫా యోహింబిన్ గురించి అడుగుతున్నారు, రావుల్సిన్ అని అమ్మేది. అది సర్పగంధ జాతి మొక్కల్లో ఉంటుంది, మన నందివర్ధనం, బిళ్లగన్నేరు ఉన్న కుటుంబమే. సర్పగంధ వేరు నుంచే బీపీ తగ్గించే రెసర్పిన్ తీశారు, ముంబై డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఆ వేరు బీపీకి పనిచేస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాకే ప్రపంచం దానివైపు చూసింది. ఒకే జాతిలో బీపీ దించేదీ ఉంది, ఎక్కించేదీ ఉంది, కాబట్టి ఆయుర్వేద షాపులో సర్పగంధ చూర్ణం కొని అదీ ఇదీ ఒకటే అనుకోకండి. రావుల్సిన్ మోతాదు ఇంకా చాలా తక్కువ, తేడా వస్తే సర్దుకోవడం కష్టం, నేను దాని జోలికి పోను.

మార్చి రెండో వారం నుంచి బిళ్ల ఆపేశాను. ఆరున్నరకే బ్యారేజీ మీద చెమట కారిపోతోంది, ఎండలో నాడి ఎలాగూ పెరుగుతుంది, దానికి ఇది తోడైతే మంచిది కాదు. బెజవాడ ఎండాకాలంలో దీన్ని వాడమని నేనెవరికీ చెప్పను. ఏప్రిల్, మే నెలల్లో పాలూ చక్కెర లేని అరకు కాఫీ ఒక కప్పు, నడక ఐదింటికే మొదలుపెట్టి ఎండ రాకముందే ముగించడం, పూటకి 60 గ్రాముల బియ్యం. బీపీ మాత్రం ఇప్పుడూ అదే టైముకి రాస్తున్నాను, పోయిన వారం సగటు 117/75. మే ఆఖరి అంకెలు వచ్చాక కాఫీ నెలల్ని బిళ్ల నెలల పక్కన పెట్టి మళ్లీ రాస్తాను.