అరూబా గ్రాఫ్ 1986లో ఎందుకు కూలిపోయింది

డేటా అనాలిసిస్ నేర్చుకునే మనవాళ్ళలో, అమీర్‌పేటలో అయినా డాలస్‌లో అయినా, వరల్డ్ బ్యాంక్ వాళ్ళ దేశాల డేటా ఫైల్ ఓపెన్ చేయనివాళ్ళు తక్కువ. అందులో దేశాల కోడ్‌ల వరస ప్రకారం మొట్టమొదట వచ్చేది అరూబా. కరీబియన్ సముద్రంలో నెదర్లాండ్స్ రాజ్యం కింద ఉన్న చిన్న దీవి, ఇప్పటికీ జనాభా లక్ష పైచిలుకే. పాత ఫైల్‌లో తలసరి సీఓటూ, అంటే ఏడాదికి మనిషికి సగటున ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారనే కాలమ్ చూస్తే 1960లో 204 టన్నులు, 1962లో 226, అదే 1986కి వచ్చేసరికి 3 టన్నుల్లోపు. అదే 1960లో మన ఇండియా లెక్క తలకి పావు టన్ను చుట్టుపక్కల. ఇంత పెద్ద అంకె మొదటి వరసలోనే కనిపిస్తుంటే అందరూ ప్లాట్ గీసేసి వెళ్ళిపోతారు, అసలు ఆ దీవిలో ఏం జరిగిందని చూసేవాళ్ళు చాలా తక్కువ, నాకు బాధ అక్కడే.

జరిగింది ఆయిల్. అరూబా నుంచి వెనిజులా తీరం 30 కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడి మారకైబో సరస్సులో బోలెడు ముడి చమురు దొరికింది, కానీ ఆ సరస్సు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటవేసి లోతు తక్కువ, పెద్ద ఓడలు లోపలికి రాలేవు. అందుకని అడుగు లోతుగా లేని చిన్న ట్యాంకర్లలో చమురు బయటికి తెచ్చి పక్క దీవుల్లో దించి అక్కడే శుద్ధి చేయడం మొదలుపెట్టారు. కురసావ్‌లో షెల్ వాళ్ళు 1918 నుంచి, అరూబాలో శాన్ నికోలస్ అనే ఊళ్ళో లాగో రిఫైనరీ 1929 నుంచి. లాగో తర్వాత అమెరికా స్టాండర్డ్ ఆయిల్ చేతికొచ్చింది. పని కోసం బ్రిటిష్ కరీబియన్ దీవుల నుంచి వేల మంది వచ్చారు, అందుకే శాన్ నికోలస్‌లో ఇప్పటికీ ఇంగ్లీష్ బాగా వినిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల విమానాలకి ఇంధనం ఇక్కణ్ణుంచి పోతోందని 1942 ఫిబ్రవరి 16న జర్మన్ సబ్‌మెరీన్ ఒకటి వచ్చి ట్యాంకర్ల మీద టార్పెడోలు వేసింది, చాలామంది నావికులు చనిపోయారు. తర్వాత రిఫైనరీ మీద కాల్చబోతే ఫిరంగి గొట్టం మూతికి పెట్టిన బిరడా తీయకుండా పేల్చారు, ఆ ఫిరంగి వాళ్ళ మీదే పేలింది, రిఫైనరీ బతికిపోయింది.

సరే, మరి ఆ 200 టన్నులు? 1985 మార్చి 31న లాగో మూసేశారు. ఆ తర్వాత 1986 జనవరి 1న అరూబా నెదర్లాండ్స్ యాంటిలిస్ (కురసావ్ కూడా ఉన్న డచ్ కరీబియన్ దీవుల గుంపు) నుంచి విడిపోయి రాజ్యంలో వేరే భాగమైంది. కాబట్టి గ్రాఫ్ కూలడం చూసిన ఎవరైనా రిఫైనరీ మూత వల్లే అనుకుంటారు. కానీ ఈ అంకెలు వచ్చిన మూలంలో 1985 దాకా అరూబా విడిగా లేదు, యాంటిలిస్‌తో కలిపే ఒక్క లెక్క. 1960లో మొత్తం దాదాపు కోటీ 10 లక్షల టన్నులు. నాకు అర్థమైనంతవరకు కురసావ్‌లో షెల్ పొగ కూడా అందులోనే ఉంది, దాన్ని ఒక్క అరూబాలోని 54 వేల మందితో భాగిస్తే తలకి 204 వస్తుంది మరి! అంటే పడిపోయినదాంట్లో కొంత నిజంగా ఆగిన పొగ, కొంత సరిహద్దు మార్పు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి చోట్ల లెక్క ఎలా కడతారంటే, దేశంలోకి వచ్చిన చమురులోంచి బయటికి పంపింది తీసేసి, మిగిలిందంతా అక్కడే కాలిందనుకుంటారు. వచ్చేదీ పోయేదీ రెండూ కొండంత ఉన్నప్పుడు కొలతలో కాస్త తేడా వచ్చినా, అప్పట్లో లక్షమంది కూడా లేని దీవికి అది తలకి టన్నుల్లో పడుతుంది.

తర్వాతి కథ కూడా ఇలాంటిదే. 90ల మొదట్లో కోస్టల్ అనే కంపెనీ రిఫైనరీని మళ్ళీ తెరిచింది, 2004లో వలేరో కొంది. 2009 జూలైలో ఆపేసి, 2011లో మళ్ళీ నడిపి, 2012 మార్చిలో మళ్ళీ ఆపేశారు. ఫైల్‌లో మాత్రం 2009, 2010, 2011 మూడేళ్ళూ తలకి 24 టన్నుల పైనే ఉంది. 2010 అంతా రిఫైనరీ ఖాళీగా ఉంటే ఆ అంకె ఎలా నిలబడింది? నాకైతే అది ఆ ఏడాది కాలినదాని కొలతలా అనిపించదు, అంచనాలాగే అనిపిస్తుంది. 2012లో 13, 2013లో 8. ఆ తగ్గుదలని నేను నమ్ముతాను, కానీ దాన్ని క్లైమేట్ విజయం అనడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే శాన్ నికోలస్‌లో ఉద్యోగాలు పోయాయి, ఆ చమురు ఇంకో దేశపు రిఫైనరీలో కాగింది, అంతే. మన వైజాగ్ రిఫైనరీ కూడా 1957లో కాల్టెక్స్ అనే అమెరికన్ కంపెనీ పెట్టిందే, దాని పొగని ఇండియా మొత్తం జనాభాతో భాగిస్తాం కాబట్టి ఏ గ్రాఫ్‌లోనూ కనిపించదు, మల్కాపురం వాళ్ళ ముక్కుకి మాత్రం తెలుస్తుంది.

అరూబా వాళ్ళు నిజంగా చేసింది వేరే ఉంది. నదులు లేని దీవి, తాగే నీళ్ళన్నీ సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవే, దానికి బోలెడు కరెంటు కావాలి. 2009 చివర్లో వాదెర్ పీత్ దగ్గర 10 గాలిమరలు పెట్టారు, 30 మెగావాట్లు, అంత చిన్న దీవికి అది తక్కువేం కాదు. ఇప్పుడు బతుకంతా టూరిజం మీదే. కానీ అంతర్జాతీయ విమానాల ఇంధనం ఏ దేశం మొత్తంలోనూ కలపరు, పక్కన విడిగా రాసి వదిలేస్తారు. అందుకే ఈ డేటాతో ప్రాజెక్ట్ చేసేవాళ్ళకి నేను అడిగేది రెండే: 1985కీ 1986కీ మధ్య గీత కలపకండి, 2012 తర్వాతి అంకె పక్కన విమానాల ఇంధనం కూడా దొరికితే పెట్టండి.