దొర్లే గాజు, గీసిన బొమ్మ, రాసిన సమీకరణం: నా ఫిజిక్స్ ప్రిపరేషన్

ఇంటర్‌తో పాటు జేఈఈ మెయిన్‌కూ ఈఏపీసెట్‌కూ చదువుతున్న మిత్రులలో చాలామంది ఫిజిక్స్ గురించి మాట్లాడేటప్పుడు ముందుగా తాము ఏ రకమో చెప్పుకుంటారు. ఒకరికి వీడియో చూస్తే తప్ప ఎక్కదు, ఒకరికి సార్ చెప్పింది వింటే చాలు, మరొకరు లెక్క మీద పడితేగాని కుదురుగా కూర్చోలేరు. మా హాస్టల్ గదిలోనే ఈ మూడు రకాల వాళ్లమూ ఉండేవాళ్లం. నా అనుభవంలో తేలిందేమిటంటే, ఫలానా పద్ధతి కావాలని అడిగేది విద్యార్థి స్వభావం కన్నా ఎక్కువగా చదువుతున్న అధ్యాయమే.

న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ రూపొందించిన వార్క్ ప్రశ్నావళి విద్యార్థుల అభిరుచిని చూడటం, వినటం, చదివి రాయటం, చేయటం అని నాలుగుగా విభజిస్తుంది. అభిరుచులు ఉండటం నిజమే. అయితే అభిరుచికి తగినట్టు బోధిస్తే ఫలితం మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన సమీక్షలో తేల్చారు. ఆ మాట నిజమో కాదో పరీక్షించుకోవడానికి భ్రమణ గతిశాస్త్రాన్ని మించిన అధ్యాయం లేదు.

వాలుతలం మీద ఒక స్థూపం జారకుండా పైకి దొర్లుతోందనుకోండి. ఘర్షణ ఏ దిశలో ఉంటుంది? విని నేర్చుకున్నవారికి ‘ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది’ అన్న వాక్యం చెవిలో మోగుతూ ఉంటుంది కనుక కిందికి అంటారు. వీడియో చూసినవారి మనసులో స్థూపం పైకి పోవడం కదులుతూ ఉంటుంది కనుక వారూ అదే అంటారు. కాగితం మీద ఫ్రీ బాడీ డయాగ్రమ్ (వస్తువు మీద పనిచేసే బలాలన్నిటినీ చూపే బొమ్మ) గీసి, కేంద్రం చుట్టూ టార్క్ (బలం తిప్పే ప్రభావం) రాస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. పైకి పోయేకొద్దీ స్థూపం వేగం తగ్గుతుంది. జారకుండా దొర్లాలంటే కోణీయ వేగం కూడా తగ్గాలి. గురుత్వ బలం కేంద్రం గుండా పోతుంది కాబట్టి, అభిలంబ బలం రేఖ కూడా కేంద్రం గుండానే వెళుతుంది కాబట్టి, ఆ పని చేయగలిగింది ఘర్షణ ఒక్కటే. అందుకు అది వాలు వెంబడి పైకే పనిచేయాలి. ఇక్కడ బొమ్మ, సమీకరణం, వాటిని కలిపే మాట మూడూ కావాలి. ఏ ఒక్కటి లేకపోయినా జవాబు తప్పుతుంది.

అదే అధ్యాయంలో మరో చోట చేతికి పని చెప్పడం ఉపయోగపడింది. పరీక్ష అట్టను ఒక పక్క పుస్తకాల మీదికి ఎత్తి, ఒక సాదా చేతి గాజును (వలయం), క్యారమ్ స్ట్రైకర్‌ను (బిళ్ల) అంచుల మీద నిలబెట్టి ఒకేసారి వదిలితే స్ట్రైకరే ముందు కిందికి చేరుతుంది. ఘర్షణ లేకుండా జారే వస్తువు త్వరణంలో బిళ్లకు 2/3 వంతు, వలయానికి 1/2 వంతు, ఘన గోళానికి 5/7 వంతు త్వరణం వస్తుందనీ, అందులో ద్రవ్యరాశికీ వ్యాసార్ధానికీ పాత్ర లేదనీ అప్పటిదాకా బట్టీ పట్టిన మా గదిలోని వినికిడి పక్షం వారు కూడా ఆ తర్వాత సూత్రాన్ని తామే రాబట్టడం మొదలుపెట్టారు. అయినా అట్ట మీద దొర్లించి చూసినంత మాత్రాన 5/7 రాదు, దానికి మళ్లీ కలమే పట్టాలి.

ఉష్ణగతిశాస్త్రానికి బొమ్మల కన్నా నోరు ఎక్కువ అవసరం. ఫిజిక్స్‌లో పనిని వ్యవస్థ చేసినదిగా లెక్కిస్తాం, కెమిస్ట్రీలో వ్యవస్థ మీద జరిగినదిగా లెక్కిస్తాం. అందుకే మొదటి నియమంలో పని ముందున్న గుర్తు మారిపోతుంది. దీన్ని పక్కవాడికి పుస్తకం మూసి చెప్పగలిగితేనే గుర్తులు నిలబడతాయి. (చెప్పించుకునే పక్కవాడికి ఓపిక ఉండాలి, అది వేరే సంగతి.) విద్యుత్ వలయాల విషయంలో మాత్రం వినికిడికి దాదాపు చోటే లేదు. ఒకే పొటెన్షియల్ ఉన్న బిందువులకు ఒకే అక్షరం పెట్టి వలయాన్ని తిరగ గీస్తే, వంకరటింకరగా ఇచ్చిన లెక్క చాలాసార్లు వీట్‌స్టన్ బ్రిడ్జిగా (నాలుగు నిరోధాల మధ్య అడ్డంగా మరో శాఖ ఉండే తెలిసిన వలయంగా) తేలుతుంది.

వీకెండ్ టెస్టుల తర్వాత తప్పుల నోట్సులో సరైన జవాబు ఎక్కించుకోవడం కన్నా, బొమ్మ దగ్గర తప్పిందా, గుర్తు దగ్గరా, సమీకరణం దగ్గరా అన్నది పక్కన రాసుకోవడం నాకు ఎక్కువ పనికొచ్చింది. బొమ్మ తప్పిన లెక్కలకు సాధన మొత్తం అక్కర్లేదు, బొమ్మలు మాత్రమే వరుసగా గీసుకుంటే చాలు. పరీక్షలో ఈ అలవాటుకు సమయం ఎంత ఇవ్వాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 40 ఫిజిక్స్. యూనిట్లు, కేంద్రక భౌతికశాస్త్రం వంటి వాటిని నేరుగా ముగించి, మిగిలిన సమయాన్ని యాంత్రిక శాస్త్రం బొమ్మలకు దాచుకోవడం మంచిది. అక్కడ తప్పుకు మార్కులు కోయరు కనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి, ఘర్షణ దిశ గీసి చూసుకోకుండా అక్కడ జవాబు పెట్టవద్దు.