భలే లెక్క వేశారు మేడమ్

2025 ఏప్రిల్ 23. వేసవి సెలవులకు ముందు ఆఖరి పనిదినం. మూడు నెలల మెడికల్ లీవు ముగించుకుని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని బడికి వెళ్ళాను. మా హెడ్మాస్టరుగారు జాయినింగ్ రిపోర్టు చదివి, గోడ మీది క్యాలెండర్ వైపు ఒకసారి చూసి, "భలే లెక్క వేశారు మేడమ్. ఎంతైనా లెక్కల టీచరు కదా!" అన్నారు. ఆఫీసు రూములో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

టీచర్లు కానివాళ్ళకి ఈ జోకు అర్థం కాదు. ఆ రోజైనా చేరకపోతే వేసవి సెలవులు కూడా లీవులో కలిసిపోతాయని మా అందరికీ ఓ భయం. కాబట్టి లెక్క వేసుకున్న మాట నిజమే. ఎవరు వేసుకోరు? కానీ ఆయన నవ్వుతున్నప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో లంచ్ బాక్సు కింద రెండు ప్యాడ్లు, ఓ జత బట్టలు ఉన్నాయి. తుమ్మొస్తే ఏమవుతుందో నాకే తెలియని రోజులవి. అది చెప్తే తప్ప ఆయనకి జవాబు లేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నొప్పి అంతకు నాలుగేళ్ళ ముందు మొదలైంది. నరసరావుపేట నుంచి మా బడికి కొంత దూరం బస్సు, కొంత దూరం షేర్ ఆటో. ఆటోలో ఎప్పుడూ కుడివైపు బరువు వేసి ఒరిగి కూర్చునేదాన్ని. ఏ స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎడమ పిరుదులో పుట్టి, తొడ వెనక నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా సర్రున కరెంటు పాకినట్టు ఉండేది. వంగలేక బోర్డు కింది సగం వాడటం మానేశాను. పిల్లలు అది కూడా కనిపెట్టేశారు.

స్కానింగులో నడుము దగ్గర ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. బిళ్ళలు, బెల్టు, ఫిజియోథెరపీ, వెన్నులో ఓ ఇంజక్షను, అన్నీ అయ్యాయి. నరాల బిళ్ళ వేసుకుంటే మూడో పీరియడ్‌కి నిలబడే నిద్ర వచ్చేది. ఎదురింటి పిన్నిగారు పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిద్దామన్నారు. ఎముక విరగలేదండీ అంటే ఆవిడ ఒప్పుకోలేదు. మా అత్తయ్య మాత్రం "ఇంతకంటే నొప్పులతో పదిమందికి వండి పెట్టాం" అని ఊరుకునేది. కాలికి కట్టు కనిపిస్తే బస్సులో లేచి సీటిస్తారు. నడుంనొప్పి ఎవరికి కనిపిస్తుంది?

వీళ్ళందరి మీదా లేని కోపం ఒక డాక్టరు మీద ఉంది. స్కానింగు ఫిల్మ్ లైటుకి పెట్టి చూసి, "ఆడవాళ్ళకి నడుంనొప్పి కామనే అమ్మా. బరువు తగ్గండి, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఆపరేషన్ చేయలేదని కోపం కాదు. డిస్కు జారినవాళ్ళలో ఎక్కువమందికి కోత లేకుండానే తగ్గుతుందని ఇప్పుడు నాకూ తెలుసు. ఫలానా లక్షణం కనిపిస్తే మాత్రం పరుగెత్తుకు రండి అని చెప్పడానికి ఆయనకి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం ఖరీదు నేను కట్టాను.

జనవరి 12 ఆదివారం, తెల్లారితే భోగి. ఆడపడుచు కుటుంబం వచ్చింది, ఇల్లంతా జనం. అరిసెల కోసం నానబోసిన బియ్యం తపేలా ఎత్తబోయాను. నడుములో కలుక్కుమంది. ఆ సాయంత్రమంతా ఎప్పుడూ లేనిది రెండు కాళ్ళూ లాగాయి. రాత్రి పదకొండింటికి నొప్పి తగ్గడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళలో మొదటిసారి నడుము కింద తిమ్మిరెక్కి, హాయిగా ఉంది. కోటప్పకొండ స్వామి ఇన్నాళ్ళకి కరుణించాడనుకుని దణ్ణం పెట్టుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒంటిగంటకి బాత్రూముకి వెళ్ళాను. ఒంటేలు రాలేదు. నీళ్ళ చప్పుడుకి వస్తుందని ట్యాపు తిప్పి కూర్చున్నాను. రాలేదు. మగ్గుతో నీళ్ళు పోసుకున్నాను. జనవరి నెల, నడిరాత్రి, ట్యాపు నీళ్ళు. చేతికి చల్లగా తగిలాయి, కింద ఏమీ తెలియలేదు. నీళ్ళు పడ్డాయని గచ్చు మీద పారుతుంటే చూసి తెలుసుకున్నాను. మళ్ళీ పోసుకున్నాను. మళ్ళీ అంతే. ఆ ఒళ్ళు నాది కాదన్నట్టు ఉంది.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆడపడుచు తలుపు కొట్టింది. "వదినా, ఎంతసేపు?" వస్తున్నానన్నాను. వచ్చి పడుకున్నాను. పక్కన మా ఆయన గురక. లేపి ఏమని చెప్పాలి? పండగపూట, హాలంతా చుట్టాలు పడుకుని ఉండగా, ఆ మాట ఎలా పైకి అనడం? పదహారేళ్ళు కాపురం చేసిన మొగుడికి ఒంటేలు రావట్లేదని చెప్పడానికి రెండు గంటలు ఆలోచించాను. పొద్దున్నే చూసుకుందాంలే అని కళ్ళు కూడా మూసుకున్నాను. మూడింటికి పొత్తికడుపు రాయిలా గట్టిపడేసరికి భయం సిగ్గుని మించింది. లేపాను.

పేటలో ఓ నర్సింగ్ హోముకి వెళ్ళాం. డ్యూటీలో ఉన్న డాక్టరు పాతికేళ్ళ కుర్రాడు, మంకీ క్యాప్ పెట్టుకుని నిద్ర కళ్ళతో వచ్చాడు. నడుంనొప్పి అనగానే బరువు గురించి మాట్లాడతాడనుకున్నాను. "ఒంటేలు ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది మేడమ్? కూర్చునే చోట ముట్టుకుంటే తెలుస్తోందా?" అన్నాడు. నాలుగేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. తెలియట్లేదన్నాను. అతని నిద్ర ఎగిరిపోయింది. గొట్టం వేస్తే సంచిలోకి 900 మిల్లీలీటర్లు దిగింది. వేస్తున్నప్పుడు నాకు నొప్పి తెలియలేదు. నర్సు అతని వంక చూసింది, అతను తల దించుకున్నాడు.

చీటీ వెనక్కి తిప్పి మా ఆయనకి బొమ్మ గీశాడు. వెన్నుపాము నడుము పైనే ఆగిపోతుంది, అక్కడి నుంచి నరాలు జడ విప్పినట్టు కిందికి వేలాడతాయి, దాన్ని కాడా ఈక్వైనా అంటారు, గుర్రపు తోక అని అర్థం. డిస్కు మొత్తం ఆ తోక మీద పడింది. వెంటనే తీసేయకపోతే ఒంటేలు, విరేచనం మీద పట్టు జీవితాంతం పోవచ్చు. ఆ చీటీ నా దగ్గర ఇంకా ఉంది. ఆ అబ్బాయి పేరు అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

అంబులెన్సు గుంటూరు వైపు బయల్దేరింది. ఫిరంగిపురం దాటేసరికి రోడ్డు పక్కన భోగిమంటలు అంటిస్తున్నారు. పేరేచర్ల దాకా ప్రతి ఊళ్ళో ఓ మంట, చుట్టూ దుప్పట్లు కప్పుకున్న పిల్లలు. అద్దం సందుల్లోంచి పొగ లోపలికి వచ్చింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఒంటిగంటకే ఎందుకు లేపలేదు?" అని ఒక్కసారే అడిగాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పండగ కాబట్టి హెల్త్ కార్డు అప్రూవల్ రాలేదన్నారు. ట్రాలీ మీద నన్ను ఉంచి కౌంటర్లో లక్ష కట్టమన్నారు. ఆడపడుచు భర్త తన కార్డు గీకాడు. అన్నయ్యగారి రుణం తీరేది కాదు, ఆ కౌంటరు మీద కోపం కూడా తీరేది కాదు. సర్జన్ పండగపూట ఇంట్లోంచి వచ్చి మధ్యాహ్నానికల్లా డిస్కు ముక్క తీసేశాడు. "నడక వస్తుంది. మిగతాది నరాల చేతిలో ఉంది, నా చేతిలో లేదు" అన్నాడు. తియ్యటి మాటలు చెప్పలేదని ఆయన మీద నమ్మకం కుదిరింది.

మెలకువ వచ్చేసరికి కాలు నొప్పి లేదు. కానీ గొట్టంతోనే ఇంటికొచ్చాను. మూడు వారాలు ఆ సంచి ఖాళీ చేసింది మా అత్తయ్య. నేను ఏడుస్తుంటే ఓ రోజు చెప్పింది. "మూడో కాన్పు తర్వాత నాకూ చాన్నాళ్ళు తెలియకుండానే పోయేది. తడి చీరతోనే వంట చేసేదాన్ని. ఎవరికి చెప్పుకుంటాం?" పదిమందికి వండి పెట్టానని ఆవిడ ఇన్నేళ్ళూ చెప్పిన మాటలో ఇదొకటి దాక్కుని ఉందని నాకెలా తెలుస్తుంది.

గొట్టం తీసేశాక ఫోన్లో మూడు గంటలకోసారి అలారం. వచ్చినా రాకపోయినా వెళ్ళి కూర్చోవాలి. మొదటిసారి నాలుగు చుక్కలు వచ్చిన రోజు తలుపు బయట నిలబడ్డ మా ఆయన "వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. చిన్నపిల్లాడికి మొదటి అడుగు పడినట్టు ఇల్లంతా సంబరపడింది. పొద్దున్నా సాయంత్రం డాబా మీద నడక. పది రౌండ్లు, ఇరవై, యాభై. వేడినీళ్ళు వేడిగా తగలడానికి మార్చి నెలాఖరు దాకా పట్టింది.

జూన్ 12న బడి తెరిచారు. నేను అడక్కుండానే హెడ్మాస్టరుగారు నా క్లాసులన్నీ కింది అంతస్తుకి మార్చారు. బాత్రూముకి దగ్గర గది. ఎవరు చెప్పారో తెలియదు. మనిషి చెడ్డవాడు కాదు. అయినా ఆ నవ్వు మర్చిపోలేదు, మర్చిపోవాలని కూడా లేదు. పదో తరగతి పిల్లలు ఎక్కడినుంచో ఓ ఎత్తు స్టూలు తెచ్చి పెట్టారు. నలభై నిమిషాల్లో పదిహేను నిలబడతాను, మిగతాది కూర్చుంటాను. బోర్డు కింది సగం వాళ్ళే వచ్చి రాస్తారు.

నడుంనొప్పి ఉన్నవాళ్ళు దయచేసి వినండి. రెండు కాళ్ళూ లాగినా, జీను మీద ఆనే చోట, అంటే కూర్చునే చోట స్పర్శ తగ్గినా, ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పి హఠాత్తుగా తగ్గి మొద్దుబారితే సంతోషపడొద్దు. పక్కనున్నవాళ్ళని లేపండి.

నేను అంబులెన్సులో ఉండగా మా అమ్మ మొక్కుకుందట, బిడ్డ లేచి నడిస్తే కోటప్పకొండ మెట్లెక్కిస్తానని. సర్జన్ మెట్లు అప్పుడే వద్దన్నాడు. కార్తీక మాసంలో నేను ఘాట్ రోడ్డున ఆటోలో వెళ్ళాను, అరవై ఎనిమిదేళ్ళ అమ్మ నా బదులు మెట్ల దారిన వచ్చింది. ఆటో దిగగానే నేను చూసింది గుడి వైపు కాదు, బాత్రూములు ఎటున్నాయా అని. ఆ చూపు ఇంకా పోలేదు. కాసేపటికి అమ్మ చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన కూలబడింది. మొక్కు తీరినట్టేనా అని అడిగాను. "నా మెట్లు నావి. నీవి నీకున్నాయి" అని నా చేతిలో నీళ్ళ సీసా లాక్కుని తాగింది.