గరుడసేవకి చాలని బిట్లు

మాది కందుకూరు దగ్గర పల్లె. చెన్నైలో ఒక కేబుల్ టీవీ కంపెనీ హెడ్‌ఎండ్‌లో, అంటే చానెళ్లన్నీ చేరి అక్కణ్నుంచి ఇళ్లకి వెళ్లే కేంద్రంలో, ఆరేళ్లుగా షిఫ్ట్ ఇంజనీరుని. పెరంబూరులో మేడ మీద అద్దెకుంటున్నాను. కింద ఇంటివాళ్లు నాలుగు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు. మూడేళ్ల క్రితం, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ మర్నాడు, నైట్ షిఫ్ట్ దిగి వస్తుంటే మామ్మగారు గుమ్మంలో ఆపారు.

"ఏం నాయనా, మీ ఆఫీసు నుంచే గదా మాకు బొమ్మ వచ్చేది? రాత్రి హారతిచ్చేటప్పుడు స్వామి ముఖమంతా గళ్లు గళ్లుగా అయిపోయింది. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను."

ఆ పగలు నాకు నిద్ర పట్టలేదు. కారణం తెలుసు మరి.

స్టూడియోలో మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని) బొమ్మ సెకనుకి 270 మెగాబిట్ల డేటా ఉంటుంది. మేము కేబుల్‌లో ఒక ఫ్రీక్వెన్సీ మీద 64 క్వామ్ అనే పద్ధతితో పంపగలిగేది మొత్తం కలిపి సెకనుకి సుమారు 38 మెగాబిట్లు. అందులోనే పన్నెండు చానెళ్లు సర్దాలి. అందుకే బొమ్మని కుదించే ఎంపెగ్-2 ఎన్‌కోడర్ అర సెకనుకో బొమ్మని పూర్తిగా పంపి, మధ్యలో వాటికి మారినంత మేరకే పంపుతుంది. వార్తలు చదివే అమ్మాయి వెనక గోడ కదలదు, దానికి ఖర్చు లేదు. గరుడసేవ అలా కాదు. లక్షల తలలు, ఊగే గొడుగులు, కర్పూరం మంట, రాలే పూలు... ప్రతి ఫ్రేములో అంతా కొత్తదే. బిట్లు చాలకపోతే ఎన్‌కోడర్ 8×8 చుక్కల గడిలో సన్నటి వివరాలు వదిలేస్తుంది. పక్కపక్క గడులు ఒకదానితో ఒకటి అతకవు. మామ్మగారు చూసింది అదే.

ఏ చానెల్‌కి ఎప్పుడు ఎక్కువ బిట్లు కావాలో చూసి, చానెళ్లని కలిపే మక్స్ యంత్రం తనే పంచుతుంది. కానీ ఎవరికి ముందు, ఎవరికి ఎంత మించకూడదు అన్నది మనిషి నింపేదే. మా దగ్గర తెలుగు చానెళ్లన్నిటికీ అట్టడుగు ప్రాధాన్యం, రెండున్నర మెగాబిట్లు మించకుండా కట్టడి. చెన్నైలో తెలుగు చూసేదెవరని ఎవరో ఎప్పుడో అలా పెట్టేశారు. పెరంబూరులో ఒక్క సాయంత్రం నడిచినా అలా పెట్టి ఉండరు. నాకు ఇప్పటికీ దాని మీద కోపమే.

మా మేనేజర్‌ని అడిగితే, కంప్లయింట్లు లేవు కదా అన్నారు. మామ్మగారి బాక్సు నంబరుతో కంప్లయింట్ రాయించాను. రాత్రి రికార్డయిన స్ట్రీములోంచి హారతి ఘట్టం కోసి టెస్ట్ టీవీలో వేశాను. పక్కనే శాటిలైట్ నుంచి మాకు దిగిన బొమ్మ పెట్టాను. అందులో స్వామి నామం అంచు కత్తిరించినట్టు ఉంది. మేము పంపినదాంట్లో తెల్లటి మరక.

"నువ్వు తెలుగువాడివి కాబట్టి పట్టించుకుంటున్నావు" అన్నారాయన.

"అవును సార్, అందుకే నాకు కనిపించింది" అన్నాను.

ఆయన రెండు బొమ్మలూ మరోసారి వేయించుకుని చూశారు. గరుడసేవ చూపే ఆ ఒక్క చానెల్‌కి పరిమితి ఆరు మెగాబిట్లకి పెంచుకోమన్నారు.

మరుసటి ఏడు గరుడసేవ రాత్రి డ్యూటీ కావాలని అడిగి వేయించుకున్నాను. హారతి వెలగగానే, ఏ చానెల్‌కి ఎన్ని బిట్లు వెళ్తున్నాయో చూపే తెర మీద ఆ చానెల్ గీత రెండు నుంచి అయిదున్నరకి లేచింది. వార్తా చానెళ్ల గీతలు ఆ కాసేపూ కిందికి దిగాయి. వాళ్ల బొమ్మల్లో తేడా వచ్చిందేమోనని ఒక్కొక్కటే చూశాను. రాలేదు.

పొద్దున మామ్మగారు వాకిట్లో ముగ్గేస్తూ, "గరుత్మంతుడి ముక్కు దాకా కనిపించింది నాయనా" అన్నారు.

మిగతా తెలుగు చానెళ్లు ఇంకా ఆ రెండున్నర దగ్గరే ఉన్నాయి. ఈ నెల రివ్యూలో మళ్లీ అడుగుతాను.