సిరా చుక్క, శానిటైజర్ వాసన

నిన్న అటక సర్దుతుంటే 2020 మార్చి నాటి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికల కరపత్రం ఒకటి దొరికింది. కరోనా వల్ల ఆ ఎన్నికల్ని మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం ఆరు వారాలు వాయిదా వేసింది. వాయిదా వద్దంటూ రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది, అయినా వాయిదా రద్దు కాలేదు. ఆరు వారాలు కాస్తా ఏడాదయింది.

ఆ రోజుల్లో మా కంచరపాలెం వీధి చివర వెదురు బొంగులు అడ్డంగా కట్టేశారు. పక్కింటి మామ్మగారికి బీపీ మాత్రలు అయిపోయాయి. ఎవరినడగాలి? విశాఖకు 2012 నుంచి ఎన్నికైన కౌన్సిలే లేదు, అంతా అధికారుల పాలన. వాలంటీర్ అమ్మాయి పాపం రోజూ వచ్చి జ్వరం ఉందా అని అడిగేది. బొంగులు విప్పించడం ఆమె చేతిలో పనా? కార్పొరేటర్ అంటూ ఒకరుంటే ఇంటిముందు నిలబడి నిలదీసేవాళ్లం. (ఉన్నా ఫోన్ ఎత్తేవారో లేదో, అది వేరే సంగతి.)

చివరికి 2021 మార్చి 10న ఓటేశాం. మూతికి మాస్కు, చేతికి శానిటైజర్, అది ఆరకముందే వేలికి సిరా. మామ్మగారూ వచ్చారు. బయటికొచ్చాక వేలు ఊదుకుంటూ, "ఎవరు గెలిచినా సరే, మళ్లీ బొంగులు కడితే వాళ్లింటికే పోతానురా అబ్బాయ్" అన్నారు.