బ్రెడ్‌బోర్డ్ మీద ఎర్ర గీత మధ్యలో తెగి ఉందా?

బ్రెడ్‌బోర్డ్ అంటే సోల్డర్ చేయకుండా రంధ్రాల్లో గుచ్చి సర్క్యూట్ కట్టుకునే బోర్డు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లేముందే 400 రంధ్రాల బోర్డు కావాలో, 830 రంధ్రాలది కావాలో తేల్చుకోండి. ఐసీలతో, అంటే చిప్‌లతో పని ఉంటే 830దే నయం. దాని మధ్య భాగంలో 63 నిలువు వరుసలు, ఒక్కోదానిలో పది రంధ్రాలు. అంచుల్లో పవర్ కోసం నాలుగు పొడవాటి వరుసలు, ఒక్కోదానిలో 50.

ఆ పది రంధ్రాలూ ఒకదానికొకటి కలిసి ఉండవు. వాటికి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు: A నుంచి E వరకు ఐదింటి కింద ఒక లోహపు క్లిప్పు, F నుంచి J వరకు మరొకటి. మధ్యలో ఉన్న గాడి ఐసీ కోసమే: దానికి అటూ ఇటూ ఉన్న E, F రంధ్రాల మధ్య దూరం 7.62 మి.మీ., రెండు వరుసల కాళ్లుండే మామూలు డిప్ ఐసీ కాళ్ల వెడల్పూ అంతే. ఐసీ గాడి మీద కూర్చోకుండా పూర్తిగా ఒక పక్కకి జరిగితే ఎదురెదురు కాళ్లు షార్ట్ అయిపోతాయి. కొత్త ఐసీ కాళ్లు బయటికి విచ్చుకుని ఉంటాయి. బల్ల మీద ఆనించి కాస్త లోపలికి వంచాకే గుచ్చండి. లేకపోతే ఒక కాలు మడతపడి ఐసీ కిందకి దూరిపోతుంది, పైనుంచి చూస్తే తెలియదు.

అసలు తలనొప్పి పవర్ వరుసలతో. కొన్ని 830 బోర్డుల్లో ఈ వరుస సగంలో తెగి ఉంటుంది. ఎడమ సగానికి 5 వోల్టులు ఇస్తే కుడి సగానికి చేరదు. పైన అచ్చేసిన ఎర్ర గీత కూడా అక్కడ తెగి ఉంటే అదే గుర్తు, కానీ గీతను నమ్మొద్దు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఆ చివరా ఈ చివరా చూడండి. మీటరు ప్రోబులు (కొనలు) రంధ్రాల్లో పట్టవు, రెండు వైరు ముక్కలు గుచ్చి వాటికి తాకించాలి. బీప్ రాకపోతే మధ్యలో చిన్న జంపర్ (కలిపే వైరు ముక్క) వేయండి. పై అంచు వరుసలకీ కింది అంచు వరుసలకీ లోపల సంబంధమే లేదు, వాటినీ జంపర్లతో కలపాల్సిందే. ఇది మర్చిపోయి ఐసీకి పవర్ అందనప్పుడు, సీమాస్ (CMOS) రకం ఐసీ పూర్తిగా చచ్చిపోయినట్టు కూడా ఉండదు. ఇన్‌పుట్ కాళ్ల గుండా కాస్త కరెంటు దొంగదారిన లోపలికి పోయి, ఎల్ఈడీ మసకగా వెలుగుతుంది. దాంతో గంటసేపు రెసిస్టర్ విలువలు మారుస్తూ కూర్చుంటాం!

వైరు సింగిల్ స్ట్రాండ్‌ది (లోపల ఒకే తీగ ఉన్నది), 22 ఏడబ్ల్యూజీ గేజ్, అంటే 0.64 మి.మీ. మందం ఉన్నది తీసుకోండి. చివర 7, 8 మి.మీ. ఒలిస్తే చాలు. మల్టీ స్ట్రాండ్ పోగు ఒకటి లోపల విరిగితే బయటికి రాదు. 1ఎన్4007 డయోడు, 7805 రెగ్యులేటర్ లాంటివాటి లావు కాళ్లు బలవంతంగా నెడితే క్లిప్పు సాగిపోతుంది, ఆ తర్వాత అక్కడ సన్న రెసిస్టర్ కాలు లూజుగా ఆడుతుంది. వాటి కాళ్లకు సన్నటి వైరు సోల్డర్ చేసి గుచ్చండి.

మోటార్ల కరెంటు బోర్డు గుండా పోనివ్వకండి, 230 వోల్టుల జోలికి అసలే వెళ్లొద్దు. బోర్డు వెనకున్న అంటుకునే ఫోమ్ పీకితే క్లిప్పులన్నీ బయటపడతాయి. అలా పీకిన బోర్డును స్టీలు బల్ల మీద పెడితే అన్నీ ఒకేసారి షార్ట్.