పామాయిల్ కోసం ఒక రాజుని ఓడెక్కించారు

బేగంబజార్‌లో డబ్బాల కొద్దీ దిగే పామాయిల్ ఉంది కదా, ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌కి సబ్బులకీ, కొవ్వొత్తులకీ, ఫ్యాక్టరీ యంత్రాలకీ ఆ నూనే కావాల్సొచ్చింది. 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించిన మాట నిజమే, కానీ ఆ తీరాన్ని మాత్రం వదల్లేదు.

నన్ను బాగా కదిలించింది జాజా కథ. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయిన మనిషి, 1869లో ఇప్పటి నైజీరియాలోని నైజర్ డెల్టాలో ఒపోబో రాజ్యాన్ని నిలబెట్టి, లోపలి ఊళ్ల నూనె తన చేతుల మీదుగానే పోయేలా చూసుకుని, మధ్యలో తెల్ల వ్యాపారులెందుకని నేరుగా బ్రిటన్‌కే సరుకు పంపడం మొదలుపెట్టాడు. వాళ్లకి కడుపు మండింది. 1887లో అక్కడి తాత్కాలిక బ్రిటిష్ కాన్సల్ (ప్రభుత్వ ప్రతినిధి) హ్యారీ జాన్‌స్టన్, మాట్లాడుకుందాం రమ్మని ఓడ మీదికి పిలిచి, అటునుంచటే దేశం దాటించేశాడు. నమ్మి వెళ్లిన మనిషికి ఇంత ద్రోహమా! 1891లో ఇంటికి తిరిగొస్తూ దారిలోనే చనిపోయాడు.

స్వేచ్ఛా వాణిజ్యం అంటూ ఆయన్ని తప్పుపట్టినవాళ్లే 1886లో రాయల్ నైజర్ కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థకి నైజర్ నది ప్రాంతాన్ని పాలించే చార్టర్ (అధికార పత్రం) ఇచ్చారు. పన్నులూ, సైన్యమూ కంపెనీవే. కోఠీలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఉన్న రెసిడెన్సీ భవనం చూస్తూ పెరిగిన మనకి ఈ పద్ధతి కొత్తేం కాదు. 1900లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని తీసుకుంటూ కంపెనీకి 8,65,000 పౌండ్లు చెల్లించింది.